బోల్టు కిర్రుమంటే ఆగాలి

ఈమధ్య మలేషియాలో, మా కువాలా సెలంగోర్‌లో మెకానిక్ పని నేర్పే ఒక చోటికి నన్ను పిలిచారు. క్లచ్‌లు విప్పడంలోనే జీవితం గడిపిన ఆడమనిషి అని పరిచయం చేశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, "ఆంటీ, ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది ఏది?" అని మలాయ్‌లో అడిగింది. తుప్పు పట్టి బిగుసుకుపోయిన క్లచ్ విప్పడం అని చెప్పి కూర్చున్నాను.

అది అబద్ధం కాదు, పూర్తి జవాబూ కాదు. ఇంటికొచ్చాక ఆ అమ్మాయి మొహమే గుర్తొచ్చింది. మోకాళ్ళు మొరాయించి పని మానేశాక నాకు తీరిక దొరికింది కాబట్టి, మిగతా జవాబు ఇక్కడ రాస్తున్నాను. నా పేరు ఆదిలక్ష్మి. అందరికీ ఆదమ్మని. నోటితో మాట్లాడే తెలుగు మా అమ్మ దగ్గర వచ్చింది, కాగితం మీద తెలుగు పెద్దయ్యాక ఆదివారం క్లాసులో వచ్చింది. రెండూ ఒకలా ఉండవు, ఏమనుకోకండి.

మంచు బండి బొమ్మ

ముందు పనేమిటో చెప్పాలి. పామాయిలు తోటల్లో చిన్న చిన్న బగ్గీలు తిరుగుతుంటాయి. ముందు ఇద్దరు కూర్చుంటారు, వెనక గెలలు వేసుకోవడానికి చిన్న తొట్టి. వాటికి గేర్లు మార్చే పని లేదు. రెండు కప్పీలు, మధ్యలో ఒక బెల్టు. వేగాన్ని బట్టి కప్పీలే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ఇంజను వైపు ఉండే కప్పీనే మేం క్లచ్ అంటాం.

ఈ క్లచ్ ఇంజను ఇరుసు మీద ఎలా నిలుస్తుందో తెలిస్తే విప్పడం సగం వచ్చినట్టే. ఇరుసు కొస సన్నగా, మొదలు లావుగా ఉంటుంది. క్లచ్ లోపలి కన్నం కూడా అదే వాలుతో ఉంటుంది. బోల్టుతో బిగించగానే ఒకదానిలో ఒకటి కూరుకుపోతాయి. బోల్టు తీసేసినా క్లచ్ కదలదు. చేత్తో లాగినా, తిట్టినా రాదు.

దాన్ని రప్పించడానికి పుల్లర్ అని ఒక పొడుగాటి గట్టి బోల్టు ఉంటుంది. క్లచ్ నడిమి కన్నంలో దాన్ని బిగిస్తూ పోతే దాని మొన లోపల ఇరుసు కొసకి ఆనుతుంది. ఇంకా బిగిస్తే ఇరుసుని అటు నెడుతూ క్లచ్‌ని ఇటు లాగుతుంది. బిగించాలి, ఆగాలి, బోల్టు తల మీద సుత్తితో ఒక్కటి కొట్టాలి. రాకపోతే మళ్ళీ కొంచెం బిగించాలి. ఒక్కసారిగా ఠప్పుమని ఊడుతుంది. మొదటిసారి విన్నవాళ్ళు ఏదో పగిలిందని బెదిరిపోతారు.

మా షాపుకి మొదటి పుల్లర్ వచ్చిన డబ్బా మీద మంచులో పరుగెత్తే బండి బొమ్మ ఉండేది. ముందు చక్రాల బదులు రెండు పలకలు, చుట్టూ తెల్లటి కొండలు. ఈ రకం క్లచ్‌లు ఆ బళ్ళకీ ఉంటాయట, పుల్లర్ కూడా ఇలాంటిదేనట. మా యజమాని సింహాద్రి మావ ఆ అట్ట బొమ్మని కత్తిరించి గోడకి అంటించాడు.

"మనకి మంచేటి మావా, గిన్నెలో తినే ఐస్ కచాంగ్ తప్ప?" అన్నాను.

"ఉండనీ. మన పనే ఆ సలిలో ఎవుడో సేస్తన్నాడు గదా. ఆడి సేతులెంత కొంకర్లు పోతాయో పాపం," అన్నాడు.

ఎప్పుడూ చూడని దేశంలో, ఎవరో తెలియని మెకానిక్ చేతుల గురించి జాలిపడ్డ మనిషి ఆయన.

సింహాద్రి మావ

ఆయన నాకు చుట్టం కాదు. మా నాన్నా ఆయనా ఒకే ఎస్టేటు కూలీల లైనిళ్ళల్లో పెరిగారు. మాలో అలాంటివాళ్ళని మావా అనే పిలుస్తాం, నువ్వు అనే మాట్లాడతాం. ఎస్టేటు ట్రాక్టర్ల దగ్గర పని నేర్చుకుని, బయటికొచ్చి రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్నాడు. వెనక గదుల్లోనే కాపురం. భార్య పైడమ్మత్త ఫోను చూసుకునేది, వచ్చినవాళ్ళతో మాట్లాడేది, అందరికీ వండేది.

నేను పనిచేసే గ్లోవ్‌ల ఫ్యాక్టరీ మూతపడినప్పుడు మా పిల్లలిద్దరూ బళ్ళో చదువుతున్నారు. మా ఆయన క్లాంగ్ పట్నం రూటులో బస్సు నడిపేవాడు. పైడమ్మత్తే పిలిచి, షాపులో సామాన్లు కడగడానికి మనిషి కావాలంది. కడగడానికే వెళ్ళాను. కొన్నాళ్ళకి, కడిగినవాటిని చూసి మావ అడిగాడు.

"ఈ మూడు స్ప్రింగులూ పక్కన ఎట్టినావెందుకే?"

"పొట్టిగా అయిపోనాయి మావా. మిగతాటితో కలవట్లేదు."

ఆయన వాటిని బల్ల మీద నిలబెట్టి చూశాడు. మర్నాడు నా చేతికి స్పానర్ ఇచ్చాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నవి కొన్ని చెబుతాను, పనికొస్తాయి. కప్పీ అంచులకి గోళ్ళ పుల్లర్ తగిలించి లాగకండి. అంచు పలచటి అల్యూమినియం, వంగిందంటే క్లచ్ మొత్తం పోయినట్టే. వెనక నుంచి కడ్డీలు దూర్చి ఎత్తకండి. ఒక బండి పుల్లర్ ఇంకో బండికి సరిపోతుందనుకోకండి. మర రెండు చుట్లు పట్టింది కదా అని మోసపోతారు. ముందు బెల్టు తీయండి. మూత ఏ గుర్తుకి ఎదురుగా ఉందో చూసి గీత గీసుకోండి. పుల్లర్ మొనకీ మరకీ గ్రీజు పూయండి. గాలి గన్ను పెట్టి టటటటా అని కొట్టించేవాళ్ళని చూసి మురిసిపోకండి. గన్నుకి చెవులుండవు.

ఆ చివరి మాట మావదే. ఆయన పనంతా చెవితోనే చేసేవాడు. పుల్లర్ బిగిస్తున్నప్పుడు నన్ను కళ్ళు మూసుకోమనేవాడు.

"ఇను. 'గుర్ర్' మంటాదా, పరవాలేదు, అది బలం పడతన్నాది. 'కిర్ర్' మని సన్నంగా ఏడుస్తాదా, ఆపీ. అది బోల్టు ఏడుపు. ఎనక్కి తిప్పి తీసీ, గ్రీజెట్టు, మల్లీ పెట్టు. ఆ ఏడుపు ఇనకుండా తిప్పితే ఇరిగి లోపలుండిపోతాది."

అరిచేవాడు కూడా. సాకెట్టు ఒకచోట తీసి ఇంకోచోట పెడితే షెడ్డు అదిరిపోయేది. అయితే బండి యజమాని ముందు ఎన్నడూ ఒక్క మాట అనలేదు. తర్వాత నేను చాలామంది యజమానుల్ని చూశాను. పని బాగా తెలిసినవాళ్ళు ఎందరో ఉన్నారు. పనివాళ్ళ పరువు కాపాడేవాళ్ళు తక్కువ.

పిలిచినా తిరగలేదు

కొన్నేళ్ళకి మావ అరుపులు ఎక్కువయ్యాయి. మాటలు తక్కువయ్యాయి. ఫోను పక్కనే మోగుతున్నా తీసేవాడు కాదు. అత్తే వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చేది. ఎవరైనా బండి చప్పుడు చేస్తోందంటే, ఎక్కడో చెప్పడానికి ఒకప్పుడు ఆయనకి నిమిషం పట్టేది కాదు. ఇప్పుడు, "ఇప్పి సూద్దాం, ఉంచీ," అనేవాడు. వయసు మీద పడి చిరాకు పెరిగిందనుకున్నాను.

ఆ రోజుల్లోనే పాక్ చిక్ యూసుఫ్ బగ్గీ వచ్చింది. పాక్ చిక్ అంటే మలాయ్‌లో బాబాయిలాంటి పిలుపు. నది వైపు ఆయనకి కొంచెం పామాయిలు తోట ఉంది. భార్య జలేహాకి చక్కెర జబ్బు వల్ల ఒక కాలు మోకాలి కింద తీసేశారు. తోట చివర గట్టు మీద ఆమె బాతుల దొడ్డి. కారు వెళ్ళే దారి కాదు, చక్రాల కుర్చీ బురదలో దిగబడుతుంది. రోజూ పొద్దున్న యూసుఫ్ ఆమెని ఎత్తి బగ్గీలో కూర్చోబెట్టి అక్కడికి తీసుకెళ్ళేవాడు. ఆమె బాతులకి మేత వేసి, గుడ్లు ఏరించి, వాటిని పేరుపేరునా తిట్టి వచ్చేది. వరద నీళ్ళు లోపలికి పోయి బగ్గీ ఆగిపోయింది. అప్పట్నుంచి ఆమె ఇంటి అరుగు మీదే కూర్చుని ఉంటోందట.

"అన్నం పెడితే తింటుంది. నాతో మాట్లాడదు లా," అన్నాడు యూసుఫ్, మలాయ్‌వాళ్ళ ఊతపదం 'లా' తగిలించి. "బాతుల్ని మాత్రం అడుగుతుంది. నేను వెళ్ళి చూసొచ్చి, బాగున్నాయి అంటాను. నీకేం తెలుసు, అంటుంది."

మూత తీసి చూస్తే బెల్టు నానిపోయి ఉంది, క్లచ్ ఎర్రటి తుప్పుతో ఇరుసుకి అతుక్కుపోయింది. మావ పుల్లర్ పెట్టి బిగించడం మొదలుపెట్టాడు. నేను షెడ్డు ముందువైపు ఇంకో బండికి చక్రం బిగిస్తున్నాను.

కిర్ర్ మని వినబడింది. సన్నగా. తల తిప్పి చూశాను. ఆయన ఆపలేదు.

"మావా!"

ఇంకో పావు చుట్టు తిప్పాడు. మళ్ళీ కిర్రుమంది, ఇంకా సన్నగా, పిల్లి పిల్ల ఏడ్చినట్టు.

"మావా! ఆపు! ఆపీ!" అని చక్రం వదిలేసి పరుగెత్తాను.

ఠక్కున విరిగింది. స్పానర్‌తో పాటు మావ ముందుకి తూలి, మోచెయ్యి ఛాసిస్‌కి కొట్టుకున్నాడు. పుల్లర్ తల ఆయన చేతిలోని సాకెట్టులో ఉండిపోయింది. మిగతాది క్లచ్ కన్నంలో.

ఆయన తల ఎత్తి, ఆయాసపడుతూ నిలబడ్డ నన్ను చూశాడు. ఆ విరిగిన ముక్కని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు.

"ఏడవలేదేటే బోల్టు?" అన్నాడు.

ఆయనకి తెలిసిపోయింది. నాకూ తెలిసిపోయింది.

"ఏడిసినాది మావా," అన్నాను. "నానూ అరిసినాను."

ఆయన సాకెట్టు కింద పెట్టాడు. విసరలేదు, జాగ్రత్తగా దాని చోట్లోనే పెట్టాడు. చేతులు తుడుచుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

పైడమ్మత్త

వెనకాలే వెళ్ళాను. మావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. అత్త గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"బండి క్లాంగు అంపీ," అన్నాడు నాతో. "అక్కడ పెద్ద షాపులున్నాయి. యూసుఫ్‌కి నానే సెప్తాను, నా సేతిలోనే ఇరిగిందని. షట్టరు దించీ. ఇంక సాలు."

"దించడమేటి మావా, ఇయ్యాల్టికా?"

"మొత్తానికే."

అత్త ఆయన ఎదురుగా వెళ్ళి, మొహం కనబడేలా నేల మీద కూర్చుంది. ఆమె ఎప్పుడూ ఆయనకి ఎదురుగా నిలబడే మాట్లాడుతుందని నాకు అప్పుడు తట్టింది. ఫోను ఆమె తీయడం, వచ్చినవాళ్ళు చెప్పింది మళ్ళీ ఆయన ముందుకొచ్చి ఆమె చెప్పడం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి.

"నాకు తెలుసు," అంది ఆయనతో. "నీకు ఇనబడ్డం నేదని నాకు ఏనాడో తెలుసు."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వు సెప్పలేదు గదా. నీకు సెప్పాలని లేనప్పుడు నానెందుకు అడగాల? ఇనబడేలాగ నానే ముందుకొచ్చినాను."

మావ తల దించుకున్నాడు. అంత కోపిష్టి మనిషి, ఆ రోజు అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

నేనూ అత్త పక్కన కూర్చున్నాను, ఆయనకి నా పెదాలు కనబడేలా.

"మావా, నాకు ఇనబడతాది. నువ్వు తిప్పు, నాను ఇంటాను. బండి క్లాంగు పంపితే ఆల్లు క్లచ్ కోసీస్తారు. ఇరుసుకి గీత పడితే ఇంజనే పోద్ది. ఆ మనిసి అరుగు మీద కూకుని ఉంది మావా. ఆ ముక్క మనమే తీద్దాం."

"నా వల్ల మల్లీ ఇరిగితే?"

"నాను సెయ్యి ఏస్తాను నీ ఈపు మీద. కిర్రుమంటే నొక్కుతాను. నువ్వు ఆపీ."

ఆయన అత్త వైపు చూశాడు. అత్త లేచి, "టీ తాగి ఎల్లండి," అంది.

విరిగిన ముక్క

ఇలాంటి గండం మీకూ వస్తుంది, అందుకే వివరంగా చెబుతాను.

విరిగిన ముక్క కన్నం అంచుకి కొంచెం లోపలే ఉంది. పట్టకారుకి అందదు. డ్రిల్లు పెడితే, అంత గట్టి ఉక్కు మీద మొన జారి క్లచ్ మరల్ని తినేస్తుంది. మావ దాని మీద ఒక లావుపాటి నట్టు పెట్టి, నట్టు మధ్యలోంచి వెల్డింగ్ చేద్దామన్నాడు. ముక్కకి నట్టు అతుక్కుంటే స్పానర్ పట్టడానికి తల దొరికినట్టే. వెల్డింగ్ వేడికి బిగుసుకున్న మరలు కూడా కాస్త వదులవుతాయి.

ముందు బ్యాటరీ తీగలు విప్పేశాం. వెల్డింగ్ ఎర్తు క్లిప్పు ఛాసిస్‌కి కాదు, క్లచ్ నడిమి ఇనుముకే పెట్టాం. ఛాసిస్‌కి పెడితే కరెంటు ఇంజను బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. పెట్రోలు ట్యాంకు వైపు తడి గోనె కప్పాం. మావ వెల్డింగ్ చేశాడు. ఆయన చెయ్యి ఎప్పట్లాగే నిలకడగా ఉంది.

ఎరుపు చల్లారేదాకా ఆగాం. నూనె చుక్కలు వేశాం. మావ స్పానర్ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను ఆయన వెనక కూర్చుని, భుజాల మధ్య అరచెయ్యి ఆనించాను. చెమటకి చొక్కా తడిసి ఉంది. ఆయన గుండె కొట్టుకోవడం నా చేతికి తెలుస్తోంది.

తిప్పాడు. కిర్రుమంది. నొక్కాను. ఆగాడు.

వెనక్కి కొంచెం, నూనె. ముందుకి కొంచెం. కిర్రు. నొక్కాను. ఆగాడు. వాన మొదలైంది. రేకుల మీద వాన చప్పుడుకి నాకే ఏమీ వినబడక, చెవి బగ్గీ పక్కకి ఆనించి విన్నాను. ఒకసారి ఏమీ వినబడకుండానే నొక్కేశాను, భయంతో. మావ ఆగి, వెనక్కి తిరిగి నా మొహం చూసి, నవ్వాడు.

"బెదరకు. నువ్వు బెదిరితే నాకు తెలీదు ఏది ఏడుపో ఏది బెదురో."

నేను మీకు చెప్పదలచుకున్న వాటిలో ఈ మాట పెద్దది. ఇంకొకరికి చెవిగానో కన్నుగానో ఉన్నప్పుడు మీ భయాన్ని కలపకండి. విన్నదే చెప్పండి.

అలా వెనక్కీ ముందుకీ తిప్పుతూ ఉండగా, ఒక దగ్గర బిగువు వదిలి ముక్క బయటికొచ్చింది. మావ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. సగం పని అయింది. క్లచ్ ఇంకా కదలలేదు.

మరలు శుభ్రం చేసి కొత్త పుల్లర్ పెట్టాం. ఈసారి మావ ఇంకో పద్ధతి చెప్పాడు. క్లచ్ కన్నం నిండా నీళ్ళు పోశాడు. పుల్లర్ మరకి నీళ్ళ పైపులకి చుట్టే తెల్ల టేపు చుట్టాడు, నీళ్ళు పక్కల నుంచి తప్పించుకోకుండా. పుల్లర్ లోపలికి వెళ్ళేకొద్దీ నీళ్ళకి పోయే దారి ఉండదు. అవి నలువైపులా ఒకే బలంతో నెడతాయి. బోల్టు మొన ఒక్కచోట నెట్టేదానికన్నా ఇది మెత్తగా, ఇంకా గట్టిగా పనిచేస్తుంది. మొహాలు మాత్రం పక్కకి పెట్టుకోవాలి.

నా చెయ్యి ఆయన వీపు మీదే ఉంది. గుర్ర్ మంటోంది, కిర్రు లేదు. నేను నొక్కలేదు. ఆయన బిగించి, ఆగి, మళ్ళీ బిగించాడు. టేపు పక్కనుంచి ఒక నీటి చుక్క ఉబికింది.

ఠప్!

నీళ్ళు మా ఇద్దరి మీదా చిమ్మాయి. క్లచ్ వదులుగా పుల్లర్‌కి వేలాడింది. నేను నొక్కేలోపే మావ స్పానర్ వదిలేశాడు.

"ఇన్నాను," అన్నాడు.

చెవికి వినబడిందో, చేతికి తగిలిందో నేను అడగలేదు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మొహం నిండా చిమ్మిన నీళ్ళే కదా, తుడుచుకోవాల్సిందే.

గుమ్మంలో నిలబడ్డ అత్త, "ఊడిందేటి?" అని అరిచింది. ఆమె వైపు తిరిగి, ఆమె పెదాలు చూసి మావే జవాబు చెప్పాడు. "ఊడింది."

జలేహా మాట

షట్టరు దించలేదు. క్లచ్ శుభ్రం చేసి, కొత్త బెల్టు వేసి బగ్గీ పంపాం, జలేహా మళ్ళీ రోజూ బాతుల దగ్గరికి వెళ్ళసాగింది. ఆ తర్వాత మేం అలాగే పనిచేశాం. పుల్లర్ బిగించేటప్పుడు నా చెయ్యి ఆయన వీపు మీద ఉండేది. కొన్నాళ్ళకి స్పానర్ నా చేతికొచ్చింది, ఆయన పక్కన కూర్చుని చూసేవాడు. వచ్చినవాళ్ళు విచిత్రంగా చూస్తే, "నా సెవి ఇది," అని నన్ను చూపించేవాడు. ముందు దాచుకున్న మనిషే.

చెవికి మిషను పెట్టించుకోమని అత్త అడిగింది, మా ఆయన అడిగాడు, నేను అడిగాను. వినలేదు. "ముసిలోడినని బోర్డు కట్టుకుని తిరగాలేటి?" అనేవాడు. మా చేత కాలేదు.

అయింది జలేహా చేత. ఒకరోజు యూసుఫ్ బగ్గీ షెడ్డు ముందు ఆగింది. అది అంత దూరం రోడ్డు మీద రాకూడదు, అయినా వచ్చింది. జలేహా తానే కిందికి దిగింది. కొత్తగా కట్టించిన కాలు మీద, కర్ర ఊతంతో. ఆమె నడవడం నేను చూడ్డం అదే మొదలు. పైడమ్మత్త చేతిలో ఉప్పు వేసిన బాతు గుడ్ల గిన్నె పెట్టింది. అత్త సంతోషంగా ఏదో అంటుంటే, మావ అర్థంకాక అటూ ఇటూ చూశాడు. జలేహాకి సంగతి తెలుసు. ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి అంది.

"బాస్. నేను పొద్దున్నే లేచి ఇంత పొడుగు కాలు తగిలించుకుంటున్నాను. పుండు పడుతుంది, నొప్పి పెడుతుంది. అయినా తగిలించుకుంటున్నాను, నా బాతులు నాకు కావాలి కాబట్టి. నువ్వు బఠాణీ గింజంత ముక్క చెవిలో పెట్టుకోలేవా లా?"

మావ ఆమె కాలు వైపు చూశాడు. తర్వాత అత్త వైపు చూశాడు.

మరుసటి వారం మా ఆయన బస్సులోనే మావా అత్తా చెవి మిషను కోసం క్లాంగ్ వెళ్ళారు.

మిషను వచ్చింది. అదేమీ అద్భుతం చెయ్యలేదు, అదీ చెప్పాలి. పోయిన చెవి తిరిగి రాలేదు. ఎదుటి మనిషి మాట వినబడేది. బోల్టు ఏడుపులాంటి సన్నటి చప్పుళ్ళు ఆయనకి మళ్ళీ ఎప్పుడూ వినబడలేదు. షెడ్డులో సుత్తి దెబ్బలకి ఆ మిషను చెవిలో గీపెట్టేది, తీసి జేబులో వేసుకునేవాడు. అందుకే మీరు ఈ పనిలోకి వస్తున్నప్పుడే గ్రైండర్ పట్టుకునేముందు చెవులకి అడ్డం పెట్టుకోండి. నవ్వేవాళ్ళు నవ్వనివ్వండి. మీ గురువుకి వినబడటం లేదనిపిస్తే, కనబడటం లేదనిపిస్తే, నలుగురిలో కాదు, పక్కకి వెళ్ళి, ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి నా అసలు జవాబు అదే. అన్నిటికన్నా కష్టమైనది అదే.

మిషను పెట్టించుకున్న మర్నాడు జరిగింది చెప్పి ముగిస్తాను. మధ్యాహ్నం భోజనానికి మావా నేనూ వెనక గదిలో కూర్చున్నాం. ఆయన చెవిలో మిషను ఉంది. అత్త వంటింట్లో, మాకు వీపు పెట్టి, పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఎప్పట్లాగే తనలో తనే గొణుగుతోంది.

"సెప్పిన మాట ఇనడు. గ్రీజు సేతుల్తో తలుపు ముట్టుకోవద్దంటే ముట్టుకుంటాడు. తలుపు సూడు, నల్లగా కారిపోనాది. సేప ముక్క పెద్దది కావాలంటాడు, ముల్లు తీసి పెట్టాల, పసిగుంటడు మరి..."

మావ చేతిలో ముద్ద ఆగిపోయింది. చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు. నేను నవ్వు ఆపుకోలేక పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాను.

"పైడీ," అని పిలిచాడు. ఆయన ఆమెని పేరుతో పిలవడం నేనెప్పుడూ వినలేదు. "ఇన్నేల్లూ ఇలగే తిడతన్నావేటి నన్ను?"

గరిటె చప్పుడు ఆగింది. అత్త వెనక్కి తిరిగింది. మొహం ఎర్రబడింది.

"నీకు ఇనబడదనే గదా తిట్టినాను," అంది.

మావ కాసేపు ఆలోచించాడు. తర్వాత ఎడం చేత్తో ఆ మిషను చెవిలోంచి మెల్లగా తీసి, పళ్ళెం పక్కన పెట్టాడు.

"మిగిల్నాది కూడా తిట్టీసుకో," అన్నాడు. "అయ్యాక సెప్పు, పెట్టుకుంటాను."

అత్త గరిటె పక్కన పడేసి వచ్చి, ఆయన పళ్ళెంలో అన్నిటికన్నా పెద్ద చేప ముక్క వేసి, పక్కనే కూర్చుని ముళ్ళు తీయడం మొదలుపెట్టింది.